రిపోర్ట్ వచ్చేదాకా ఆ మాత్ర ఎందుకు ఆగాలి?

పడిశం గురించి మనవాళ్లకు రెండు మాటలున్నాయి. పడిశం పది రోగాల పెట్టు అన్నది ఒకటి. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్నది రెండోది. మా నాయనమ్మ రెండూ అనేది, అవసరాన్ని బట్టి. నేను వానలో తడిసి ఇంటికొస్తే మొదటిది, డాక్టర్ ఫీజు మాట వస్తే రెండోది.

ఆవిడ మనవడు ఊపిరితిత్తుల డాక్టరయ్యాడు. ఇన్‌ఫ్లూయెంజా విషయంలో మా డాక్టర్లం కూడా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతుంటాం. కాకపోతే, ఏ మాట ఎప్పుడు వాడాలో ఆవిడకు తెలిసేది.

2015 జనవరిలో నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఊరంతా స్వైన్ ఫ్లూ భయం. ఎవరు తుమ్మినా పక్కవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, 3 వేలకు దగ్గరగా మరణాలు నమోదయ్యాయి. మొదట్లోనే గట్టిగా దెబ్బ తిన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అలాంటి ఒక రాత్రి పదకొండు గంటలకు ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని తీసుకొచ్చారు. టైల్స్ వ్యాపారం. షుగర్ ఉంది, ఒళ్లు కాస్త భారీ. ఐదు రోజులుగా జ్వరం. ఇంటి దగ్గర ఆర్ఎంపీ రెండు సెలైన్లు పెట్టి ఏదో ఇంజెక్షన్ చేశాడట. జ్వరం దిగింది, మర్నాటికి తిరగబెట్టింది. ఆక్సిజన్ పెట్టకముందు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, 84 శాతం. ఎక్స్‌రేలో రెండు వైపులా నిమ్ము, అంటే నిమోనియా.

కేస్ షీట్‌లో నా చేత్తోనే రాశాను: స్వైన్ ఫ్లూ అనుమానం, స్వాబ్ పంపాలి. ఆక్సిజన్ పెట్టాను. రెండు రకాల యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాను. ఫ్లూ వైరస్‌ను అడ్డుకునే మందు ఓసెల్టామివిర్ మాత్రం రాయలేదు. రిపోర్ట్ వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. రిపోర్ట్ మూడో రోజు సాయంత్రం వచ్చింది, పాజిటివ్ అని. అప్పటికి ఆయన వెంటిలేటర్ మీదున్నాడు. క్యాప్సూల్ విప్పి, పొడి నీళ్లలో కలిపి, ముక్కు గొట్టంలోంచి వేశాం. తొమ్మిదో రోజు పోయాడు.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆయన భార్య నన్ను ఆపింది. అరవలేదు. "సార్, మొదటి రోజే మీకు స్వైన్ ఫ్లూ అని అనుమానం వచ్చిందంట కదా. నర్సమ్మ చెప్పింది. అనుమానం వచ్చినప్పుడు ఆ మందు అప్పుడే ఎందుకు వెయ్యలేదు?"

"రూల్స్ అలా ఉన్నాయమ్మా" అన్నాను. అబద్ధం చెప్పాను. కేంద్ర ఆరోగ్య శాఖ 2009 నుంచీ ఫ్లూ రోగులను ఏ, బీ, సీ అని విడగొట్టింది. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్లు నీలం కావడం, వీటిలో ఏదైనా ఉంటే సీ. సీ వాళ్లను ఆసుపత్రిలో చేర్చుకోవాలి, పరీక్షకు పంపాలి, చికిత్స వెంటనే మొదలుపెట్టాలి. రిపోర్ట్ కోసం ఆగమని అందులో లేదు. ఆగింది నేను.

మొదటి రాత్రే మందు పడి ఉంటే ఆయన బతికేవాడని నేననను. ఐదు రోజుల జ్వరం, షుగర్, రెండు ఊపిరితిత్తులూ నిండిన నిమ్ము. అప్పటికప్పుడు మందు వేసినా పోయినవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. ఒక్క మరణంతో ఏ మందూ మంచిదనీ కాదనీ తేలదు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. అనుమానం రాగానే యాంటీబయాటిక్ వేసిన చెయ్యి, అదే అనుమానంతో యాంటీవైరల్ వెయ్యడానికి ఎందుకు వెనకాడింది? బ్యాక్టీరియా రిపోర్ట్ కూడా అప్పటికి రాలేదుగా!

ఈ వెనకాడటానికి ఒక చరిత్ర ఉంది. దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, 2009 మే నెలలో, అమెరికా నుంచి విమానం దిగిన ఒక యువకుడిలో. అప్పుడు ఓసెల్టామివిర్‌ను, అంటే జనం నోట్లో టామిఫ్లూను, సర్కారు బంగారంలా దాచింది. ఎక్కడ పడితే అక్కడ అమ్మితే జనం మింగేస్తారనీ, వైరస్ మొండికేస్తుందనీ భయం. ఆ భయం తప్పేమీ కాదు. తర్వాత బయట అమ్మనిచ్చారుగానీ షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టారు. నిద్రమాత్రల్లాంటి వాటికి పెట్టే కట్టడి అది. ఆ లైసెన్స్ ఉన్న షాపులు ఊరికి కొన్నే. 2017లో గానీ దాన్ని కట్టడి తక్కువైన షెడ్యూల్ హెచ్1కి మార్చలేదు. ఎనిమిదేళ్లు తాళం వేసి ఉంచిన మందును తీయడానికి డాక్టర్‌కు కూడా చెయ్యి రాదు. రుజువు చూపిస్తేగానీ ఇవ్వకూడని మందు అన్న భావం బుర్రలో పాతుకుపోయింది. తాళం పోయింది, భావం మిగిలింది.

ఇక్కడ చిన్న పిట్టకథ. ఈ మందు తయారీకి మూలపదార్థం షికిమిక్ ఆమ్లం. దాన్ని ఎక్కువగా తీసేది అనాసపువ్వు నుంచి, మనం బిర్యానీలో వేసే ఆ చుక్కల పువ్వు నుంచే. కనిపెట్టింది గిలియడ్ కంపెనీ, అమ్మింది రోష్, అమెరికాలో అనుమతి వచ్చింది 1999లో. బర్డ్ ఫ్లూ భయం ముదిరిన 2005లో రోష్ నుంచి లైసెన్స్ తీసుకొని దాన్ని ఇక్కడ తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ హెటిరో. పువ్వూ మన వంటింట్లోదే, మాత్రా మన ఊరిదే. ఇది చెప్పగానే ఎవరో ఒకరు "అయితే బిర్యానీ తింటే ఫ్లూ రాదా సార్?" అని అడుగుతారు. వస్తుంది. ఆ ఆమ్లాన్ని మందుగా మార్చడానికి ఫ్యాక్టరీలో బోలెడు మెట్లున్నాయి.

నాతో వాదించే తోటి డాక్టర్లు ముందుగా బయటికి తీసేది 2014 నాటి కాక్రేన్ సమీక్షను. వైద్య పరిశోధనలన్నీ పోగేసి జల్లెడపట్టే సంస్థ అది. తీయాల్సిందే, ఆ సమీక్ష మంచి పని. మందు కంపెనీ ట్రయల్ నివేదికలను పూర్తిగా బయటపెట్టకుండా ఏళ్ల తరబడి నాన్చితే, వెంటపడి వసూలు చేసి, వేల పేజీలు చదివి తేల్చారు. ఏం తేలింది? పెద్దవాళ్లలో ఫ్లూ లక్షణాలు 7 రోజులకు బదులు 6.3 రోజుల్లో తగ్గాయి. మా నాయనమ్మ లెక్క ఇంచుమించు సరిపోయింది! ఆసుపత్రి పాలు కాకుండా ఆపుతుందన్న నమ్మకమైన ఆధారం కనపడలేదు. వాంతులు మాత్రం ఎక్కువయ్యాయి. ప్రభుత్వాలు కోట్లు పోసి గోదాముల్లో ఈ మాత్రలు నింపుకోవడం దండగన్నారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

ఆ ట్రయల్స్‌లో ఉన్నవాళ్లెవరు? చాలావరకు నడుచుకుంటూ క్లినిక్‌కు వచ్చి, మందు తీసుకొని, నడుచుకుంటూ ఇంటికి వెళ్లినవాళ్లు. వాళ్లకు ఆ వారం ఎలాగూ గడిచిపోతుంది, ఒక పూట ముందా వెనకా అన్నదే తేడా. నా వార్డులో ముక్కుకు గొట్టం పెట్టుకొని, మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంటున్న మనిషికి ఆ లెక్క అప్పజెప్పడం, కాలువ ఈదినవాణ్ని చూసి గోదావరి లోతు చెప్పడం లాంటిది.

అయితే వార్డు రోగుల మీద ట్రయల్స్ ఏం చెబుతున్నాయి? ఇక్కడే మా అందరికీ సిగ్గుచేటు. చెప్పగలిగినన్ని ట్రయల్స్ లేవు. 2014లోనే మరో పెద్ద విశ్లేషణ వచ్చింది: 38 దేశాలు, 2009 ఫ్లూతో ఆసుపత్రిలో చేరిన 29 వేల పైచిలుకు రోగులు. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు ఈ తరహా మందు పడినవాళ్లలో, అసలు పడనివాళ్లతో పోలిస్తే, మరణించే అవకాశం దాదాపు సగం. ఆలస్యమైన కొద్దీ ముప్పు పెరిగింది. చదవగానే నేను ఎగిరి గంతేశాను. తర్వాత నిదానంగా చదివాను. దానికి డబ్బు ఇచ్చింది ఆ మందు కంపెనీయే. పైగా అది చీటీలు తీసి ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర అని పంచిన ట్రయల్ కాదు, జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి లెక్కగట్టినది. తొందరగా ఆసుపత్రికి రాగలిగినవాడికి మందూ తొందరగా పడుతుంది, మిగతా వైద్యమూ తొందరగా అందుతుంది. బతికించింది ఏదో విడదీసి చెప్పడం కష్టం.

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చే ముందు, తీవ్రమైన ఫ్లూ రోగుల మీద సరిగ్గా జరిగిన ట్రయల్స్ అన్నీ పోగేశారు. ఎనిమిదే దొరికాయి, మొత్తం కలిపి 1,424 మంది. ఏటా లక్షల మందిని చంపే జబ్బుకు! ఓసెల్టామివిర్ వేస్తే ఆసుపత్రిలో ఉండే కాలం ఒకటిన్నర రోజు పైన తగ్గవచ్చని తేలింది, అదీ బలహీనమైన ఆధారంతో. ప్రాణాలు కాపాడుతుందా అంటే అవునని గానీ కాదని గానీ చెప్పలేనంత తక్కువ సమాచారం. అయినా సంస్థ తీవ్రమైన ఫ్లూకు ఆ మందు వేయమనే చెప్పింది, షరతులతో.

"చూశావా, రుజువు లేదు" అంటాడు నా మిత్రుడు. అతనూ ఊపిరితిత్తుల డాక్టరే, నాకంటే బాగా చదువుతాడు. రుజువు బలంగా లేదన్నది నిజం. కానీ రుజువు లేనప్పుడు కూడా మంచం పక్కన నిలబడ్డ మనిషి ఏదో ఒకటి చెయ్యాలి, చెయ్యకపోవడం కూడా ఒక నిర్ణయమే. పూటకొక 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్, రోజుకు రెండు, ఐదు రోజులు. పది క్యాప్సూల్స్ ఖరీదు ఐసీయూలో ఒక పూట బిల్లులో ఓ మూలకు రాదు. కిడ్నీలు బాగాలేకపోతే డోసు తగ్గించాలి. కొందరికి వాంతులవుతాయి. నష్టం వైపు ముఖ్యంగా ఇంతే. లాభం వైపు, తొందరగా వేస్తే ప్రాణం దక్కే అవకాశం ఎంతో కొంత ఉండొచ్చు. ఈ మందు వైరస్ కొత్త కణాల్లోకి పాకకుండా ఆపుతుంది, అంతేగానీ ఇప్పటికే పాడైన ఊపిరితిత్తిని బాగుచెయ్యదు. అందుకే మూడో రోజు వేసిన మాత్రా, మొదటి రాత్రి వేసిన మాత్రా ఒకటి కావు. అలాగని 48 గంటలు దాటాక వార్డు రోగికి దండగ అనడం కూడా తప్పు. ఆ గడువు బయట తిరిగే రోగులకు సంబంధించినది. నిమ్ముతో చేరి, పరీక్షలో ఫ్లూ తేలినవాళ్లకు జ్వరం మొదలై ఎన్ని రోజులైనా సరే వేయమనే 2019 నాటి అమెరికా నిమోనియా మార్గదర్శకాలూ చెప్పాయి.

మందు మీద నమ్మకం ఎక్కువైనవాళ్లూ ఉన్నారు. రోగి విషమిస్తే డోసు రెట్టింపు చేస్తారు. ఆగ్నేయాసియాలో 326 మంది మీద చేసిన ట్రయల్ 2013లోనే చెప్పింది, రెట్టింపు వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని. అయినా ఇప్పటికీ కేస్ షీట్లలో ఆ 150 కనిపిస్తూనే ఉంటుంది.

నాకు అసలు కోపం తెప్పించేది మరొకటి. రిపోర్ట్ లేకుండా ఓసెల్టామివిర్ రాయడానికి చెయ్యి వణికే డాక్టరే, ఆయాసం చూడగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అలవోకగా రాసేస్తాడు. ఇది కోవిడ్ అంటించిన అలవాటు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను మూడోవంతు తగ్గించిందని చూపింది. గొప్ప విషయం. కానీ కోవిడ్ వేరు, ఫ్లూ వేరు. ఫ్లూ నిమ్ములో స్టెరాయిడ్ పడినవాళ్లలోనే మరణాలు ఎక్కువని పాత పరిశీలనలు చెబుతున్నాయి. అవి కూడా వెనక్కి తిరిగి లెక్కగట్టినవే, జబ్బు ముదిరినవాళ్లకే స్టెరాయిడ్ ఇచ్చి ఉండొచ్చు, ఆ మాట దాచను. 2023లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కేప్ కాడ్ ట్రయల్‌లో తీవ్రమైన నిమోనియాకు హైడ్రోకార్టిసోన్ అనే మరో స్టెరాయిడ్ బాగా పనిచేసింది. దాన్ని పట్టుకొని నాకు వాట్సాప్‌లో పంపినవాళ్లు అరడజను మంది. ఆ ట్రయల్‌లో ఫ్లూ నిమోనియా రోగులను తీసుకోలేదన్న ముక్క మాత్రం ఒక్కరూ పంపలేదు. ఆస్తమా ఉంటే, బీపీ మందులకు లొంగకుండా పడిపోతుంటే స్టెరాయిడ్ ఇవ్వాల్సిందే, అది వేరే లెక్క. ఫ్లూ నిమ్ముకని ఇవ్వొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మాత్రకు రుజువు అడిగినవాళ్లు ఇంజెక్షన్‌కు ఎందుకు అడగరో నాకర్థం కాదు.

యాంటీబయాటిక్స్ విషయంలో నేను అంత కఠినంగా ఉండను. 1918లో బొంబాయి రేవులో దిగిన ఫ్లూ జ్వరం మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాటి పోస్ట్‌మార్టం నమూనాలను అమెరికాలో మళ్లీ పరిశీలించి 2008లో తేల్చిందేమిటంటే, చాలామందిని చివరికి చంపింది ఫ్లూ దారి తెరిచాక లోపలికొచ్చిన బ్యాక్టీరియా నిమోనియా. వైరస్ గొంతు నుంచి ఊపిరితిత్తి దాకా లోపలి పొరను గీరేస్తుంది, న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు అక్కడ కాపురం పెడతాయి. నాయనమ్మ చెప్పిన పది రోగాల పెట్టు ఇదే. తగ్గిందనుకున్న జ్వరం ఐదారు రోజులకు తిరగబెట్టి, కఫం రంగు మారిందంటే నేను వెంటనే స్టెఫైలోకాకస్‌ను అనుమానిస్తాను. కాబట్టి ఫ్లూ నిమ్ముతో చేరినవాళ్లకు మొదట యాంటీబయాటిక్ కలిపి ఇవ్వడం న్యాయమే. అన్యాయం ఎక్కడంటే, ఆపకపోవడం. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగక, మనిషి కోలుకుంటుంటే రెండు మూడు రోజుల్లో ఆపాలి. మన దగ్గర అది పది రోజులు నడుస్తుంది, మధ్యలో ఇంకొకటి చేరుతుంది, డిశ్చార్జ్ కాగితంలో మరొకటి.

ఇంత చెప్పాక, మనిషిని నిజంగా నిలబెట్టేది ఆక్సిజన్, నర్సు. వెంటిలేటర్ మీద పెట్టాక తక్కువ గాలితో, ఊపిరితిత్తి చిరిగిపోకుండా నడపడం. బోర్లా పడుకోబెట్టడం. 2013లో ఫ్రెంచివాళ్ల ట్రయల్‌లో రోజుకు పదహారు గంటలకు పైగా బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 33 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. గొట్టాలన్నీ ఉన్న తొంభై కిలోల మనిషిని తిప్పడానికి అరడజను మంది కావాలి. రాత్రి షిఫ్ట్‌లో అంతమంది ఉండే ఐసీయూలు ఎన్నో మీకు తెలుసు. ఫ్లూ మందు గురించి నాలుగు పేజీలు రాసిన నేను దీని గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టాను, మా వృత్తికి ఉన్న జబ్బే అది.

స్వాబ్ గురించి కూడా ఒక మాట. రిపోర్ట్‌ను దేవుడి వాక్కులా చూస్తాం. అప్పటికప్పుడు చేసే ర్యాపిడ్ పరీక్షలు ఫ్లూ ఉన్న చాలామందిలో లేదని చెప్పేస్తాయి. ఆర్‌టీ-పీసీఆర్ మెరుగే, అయినా వైరస్ కిందికి దిగిపోయాక గొంతులో తీసిన స్వాబ్‌లో దొరక్కపోవచ్చు. వెంటిలేటర్ మీదున్నవాళ్లకు గొట్టంలోంచి తీసిన కఫాన్ని పరీక్షిస్తే పాజిటివ్ వచ్చిన సందర్భాలు నావే ఉన్నాయి. పరీక్ష చెయ్యొద్దని కాదు. తప్పకుండా చెయ్యాలి. మందు ఆపాలా, రోగిని విడిగా ఉంచాలా అన్నది తేల్చుకోవడానికి అది కావాలి. మొదలుపెట్టడానికి కాదు.

ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకు పరుగెత్తొద్దు. దగ్గూ జ్వరంతో ఇంట్లో తిరుగుతున్న ఆరోగ్యవంతుడికి నాయనమ్మ రెండో మాటే వైద్యం. గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం రెండో రోజు దాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. వాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటే ఈ గొడవ కొంతవరకు తగ్గుతుంది. మా ఆసుపత్రి సిబ్బంది చేతే వేయించలేక నేను ఏటా అరుస్తుంటాను, మీకేం చెప్పను.

మొన్న ఫిబ్రవరిలో ఒక అరవై రెండేళ్లావిడ వచ్చింది. మూడు రోజుల జ్వరం, ఆయాసం, కుడి వైపు నిమ్ము. ఇంట్లో మనవడికీ అదే జ్వరమట. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ ఫోన్ చేసి "సార్, స్వాబ్ పంపాను, రిపోర్ట్ రావడానికి ఎల్లుండి అవుతుందట" అన్నాడు. మాత్ర వేశావా అన్నాను. "వేశాను సార్, మీరు తిడతారని." రెండు రోజుల తర్వాత రిపోర్ట్ వచ్చింది. నెగెటివ్. రక్తం కల్చర్‌లో న్యుమోకాకస్ పెరిగింది. ఆవిడకు పనిచేసింది యాంటీబయాటిక్.

కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, అన్నీ చదివి వచ్చాడు. "అయితే ఆ ఫ్లూ మందు అనవసరంగా వేశారా సార్?"

"అవును బాబూ, అనవసరంగానే వేశాం" అన్నాను.

అప్పటికి నాలుగు క్యాప్సూల్స్ వాడాం. మిగిలిన ఆరింటినీ నర్సు ఫార్మసీకి వాపసు పంపింది. బిల్లులో ఆ మేరకు తగ్గించారు. కొడుకు రెండుసార్లు లెక్క చూసుకొని, అమ్మను వీల్‌చెయిర్‌లో లిఫ్ట్ వైపు తోసుకెళ్లాడు.